చట్టాన్ని పల్లెకు తెచ్చిన మనిషి

బొజ్జా తారకం గారి గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది కారంచేడుతో మొదలుపెడతారు. నేను ఆయన రాసిన చిన్న పుస్తకంతో మొదలుపెడతాను. దాని పేరు 'పోలీసులు అరెస్టు చేస్తే'.

మా పల్లెలో పెద్దోళ్ళు చట్టం అనే మాటే ఎరగరు. వాళ్ళకి తెలిసింది 'టేసను'. ఊళ్ళో మోటారు పోయినా, వాము తగలబడినా పోలీసులు ముందు మా పల్లెకే వచ్చేవాళ్ళు. నా చిన్నప్పుడు మా నాయన్ని అట్లాగే తీసకపోయారు. ఎందుకో చెప్పలేదు. మాయమ్మ మూడు రోజులు అన్నం గిన్నె పట్టుకుని స్టేషన్ బయట చెట్టు కింద కూచుంది. నాలుగో రోజు వదిలేశారు. కేసు లేదు, కాగితం లేదు. ఆ ఏడు నాయన అరక పట్టలేకపోయాడు.

నేను హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఈ పుస్తకం చేతికొచ్చింది. సెలవులకి పోయినప్పుడు ఇంటికాడ చదివి వినిపించాను. అరెస్టు చేసినోణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి అన్నకాడ అమ్మ ఆపమంది. "మళ్ళా చదువు" అంది. చదివాను. "అయితే మీ నాయన్ని అన్నాళ్ళు ఉంచటం వాళ్ళ తప్పేనా?" అంది. అప్పటిదాకా తప్పు మాదేననుకుంటా బతికింది.

ఈ పుస్తకం వెనక ఒక బతుకుంది. తారకం 1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. తండ్రి అప్పలస్వామి అంబేద్కర్ బాటలో నడిచి శాసనసభకు ఎన్నికైన మనిషి. తారకం నిజామాబాదులో వకీలుగా ఉంటూ అంబేద్కర్ యువజన సంఘం పెట్టారు. ఎమర్జెన్సీలో జైలుకి పోయారు. లాకప్పు ఎట్లా ఉంటుందో వకీలుగానే కాదు, ఖైదీగా కూడా ఆయనకు తెలుసు.

1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్ళు చీరాలకు చేరారు. తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వాళ్ళ పక్కన నిలబడ్డారు. దళిత మహాసభకు ఆయన అధ్యక్షుడు, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి. ఆ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008 డిసెంబరులో. ఇరవైమూడేళ్ళు!

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. పోరాడితే ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరి శిక్షలూ కొట్టేసింది.

మరి చట్టాన్ని నమ్ముకుని ఏం లాభం అని కుర్రోళ్ళు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. నాకు తెలిసిన జవాబు ఒకటే. కోర్టు మనకి న్యాయం చెయ్యకపోవచ్చు. కానీ హక్కు తెలిసినోడు స్టేషన్లో వొంగి నిలబడడు. వాడి వెనక పదిమంది పోయి అడుగుతారు. కారంచేడు తర్వాత మన పల్లెల్లో వచ్చిన మార్పు అదే.

తారకం 2016 సెప్టెంబరు 16న పోయారు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. 57వ సెక్షను 58 అయింది. ఆ 24 గంటలు మాత్రం మారలేదు. రాజ్యాంగం 22వ అధికరణంలోనూ అట్లాగే ఉన్నాయి. లా చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కొత్త సెక్షన్లతో ఆ పనిని మీరు ముందుకు తీసకపోవాలి. అమ్మలకి అర్థమయ్యే తెలుగులో రాయండి. రాసి, పల్లెల్లో చదివి వినిపించండి.