సత్రం భోజనం, పూటకూళ్ళ రూక

ఊరూ ఇల్లూ పట్టనివాణ్ణి చూసి 'సత్రం భోజనం, మఠం నిద్ర' అంటాం. కాస్త ఎగతాళి ఉన్నా, సత్రం అనగానే మనకి ముందు గుర్తొచ్చేది పుణ్యమే. పూటకూళ్ళ ఇంటికి ఆ గౌరవం లేదు. 'కన్యాశుల్కం'లో గిరీశం చేతిలో మోసపోయిన పూటకూళ్ళమ్మకి ఓ పేరు కూడా లేదు. అన్నం పెట్టడం గొప్ప, అమ్ముకోవడం తక్కువ. ఈ లెక్క నాకెప్పుడూ పూర్తిగా మింగుడుపడలేదు.

వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న 'క్రీడాభిరామం' చూడండి. కొందరు అది శ్రీనాథుడిదంటారు, ఆ తగాదా ఇక్కడొద్దు. మంచన శర్మ, టిట్టిభ సెట్టి కాకతీయుల ఓరుగల్లంతా తిరుగుతారు. అందులో ఒక పూటకూళ్ళ ఇంటి భోజనం ఉంది: మేలురకం బియ్యపన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అన్నీ కలిపి ఒక రూక. నోరూరించే ఆ జాబితా కంటే నాకు నచ్చింది పద్యంలో ధర ఉండటం. రూక ఇచ్చి తిన్నవాడు ఎవరికీ రుణపడడు, ఎవరి పుణ్యానికీ సాక్షిగా నిలబడక్కర్లేదు.

సత్రం అలా కాదు. కట్టించిన దాత పేరు గోడమీద ఉంటుంది, ఎవరికి పెట్టాలన్నదీ దాత ఇష్టమే. శ్రీశైలంలో ఈరోజుకీ చాలా సత్రాలు కులాల పేర్లతోనే ఉన్నాయి.

ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీ మజిలీకీ దిగడానికి వసతి ఉందా, అంగళ్ళున్నాయా, నీళ్ళెలా ఉన్నాయి అని రాసుకుంటూ పోతాడు. ఇవాళ మనం హోటళ్ళకి రాసే రివ్యూల్లాగే ఉంటుంది. కానీ అది పల్లకీలో కూర్చున్నవాడు రాసిన పుస్తకం. ఆ పల్లకీ మోసిన బోయీలు కూడా అదే దారిన నడిచారు. వాళ్ళు రాసి ఉంటే ఆ మజిలీలు ఇంకోలా కనబడేవేమో.

అలాగని డబ్బు అన్ని తలుపులూ తెరిచిందని అనలేను. క్రీడాభిరామంలో వండి వడ్డించేది కూడా బ్రాహ్మణుడి ఇల్లే. తర్వాత వచ్చిన హోటళ్ళకీ కులం పేరుతో బోర్డులుండేవి. రూక చేతిలో ఉన్నా గుమ్మం బయటే ఆగిపోయినవాళ్ళున్నారు.

అందుకే రాజ్యాంగంలోని 15(2) అధికరణ నాకు బాటసారి కోసం రాసినట్టు అనిపిస్తుంది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు: వీరాస్వామి ప్రతి మజిలీలోనూ వెతుక్కున్నవి దాదాపు ఇవే. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకో అడుగు ముందుకేసి హోటళ్ళు, ధర్మశాలలు, సరాయిల్లోని గిన్నెల్ని కూడా ప్రస్తావించింది. చట్టం గిన్నెల దాకా దిగిరావలసి వచ్చిందంటే, గొడవ అన్నం దగ్గర ఆగలేదన్నమాట. రెండు గ్లాసుల పద్ధతి ఆ చట్టం తర్వాత కూడా మన టీకొట్లలో బతికింది.

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ఏదో ఒక ధాబాలో ఆగుతుంటాను. పక్క కుర్చీలో ఎవరున్నారో నాకు తెలీదు, నేనెవరో వాళ్ళకి తెలీదు. తింటాం, డబ్బులిచ్చి వెళ్ళిపోతాం. ఇందులో పుణ్యం లేదు. కానీ ఏ సత్రమూ అందరికీ ఇవ్వలేకపోయిన మర్యాద అందులో ఉంది.