వెన్నెముక శస్త్రచికిత్స, రోగి సమ్మతి: మద్దికెర నుంచి ఒక చారిత్రక పరిశీలన

రోగి సమ్మతికి సంబంధించిన కీలక న్యాయసూత్రాలు కొన్ని వెన్నెముక శస్త్రచికిత్సల వివాదాల్లోనే రూపుదిద్దుకున్నాయి. 1959లో వాషింగ్టన్‌లో వెన్నెముక శస్త్రచికిత్స చేయించుకున్న 19 ఏళ్ల యువకుడికి పక్షవాతం వచ్చింది. ఆ ప్రమాదాన్ని వైద్యుడు ముందుగా చెప్పలేదు. రోగి నిర్ణయానికి అవసరమైన ప్రమాదాలను తెలపడం వైద్యుడి విధి అని 1972 నాటి కాంటర్‌బరీ తీర్పు నిర్ధారించింది. బ్రిటన్‌లో సిడవే కేసు కూడా వెన్నుపాము దెబ్బతిన్న మహిళదే. అక్కడ 1985 తీర్పు ఎంత చెప్పాలన్నది ప్రధానంగా వైద్యవృత్తి ప్రమాణాలకే వదిలింది.

2008 జనవరి 16న సమీరా కోహ్లి కేసులో మన సుప్రీంకోర్టు కాంటర్‌బరీ ప్రమాణాన్ని స్వీకరించలేదు. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు చెప్పాలనీ, అరుదైన ప్రమాదాలు వివరించనక్కరలేదనీ పేర్కొంది.

పెద్దల్లో గూని, పక్కవంపు సరిచేసే శస్త్రచికిత్సలో చీము పట్టడం, ఎముకలు అతుక్కోకపోవడం, కడ్డీ విరగడం, మళ్లీ శస్త్రచికిత్స అవసరం కావడం అరుదు కాదు. కనుక 2008 తీర్పు ప్రకారమే ఇవి చెప్పవలసినవి. అసలు చిక్కు మరొకటి. కడ్డీలతో బిగించిన నడుము మునుపటిలా వంగదు. వైద్యదృష్టిలో అది ఉపద్రవం కాదు, చికిత్సాఫలితమే. మద్దికెర పొలాల్లో కలుపు తీసే, వేరుశనగ పెరికే మనిషికి మాత్రం అది బతుకుతెరువు ప్రశ్న.

ఏది ముఖ్యమో రోగి జీవితమే నిర్ణయిస్తుంది. బ్రిటన్ 2015లో మాంట్‌గొమరీ తీర్పుతో సిడవే మార్గాన్ని విడిచింది. మన ప్రమాణమూ పునఃపరిశీలన కోరుతున్నది. అంతవరకు, రోగి చేసే పని ఏమిటని తెలుగులో అడగకుండా తీసుకున్న వేలిముద్ర సమ్మతి అనిపించుకోదు.