ఛాయాచిత్రం ఆధారంగా నిలవాలంటే: ఆటో మోడ్, మాన్యువల్ పద్ధతి

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడుల కాలపు ఈ త్రికూటాలయంలోని ఒక గర్భగుడిలో, శివలింగం వెనుక గోడపై పగలంతా ఒక నిలువు నీడ కనిపిస్తుంది. ఆలయానికి ఆ పేరు అందువల్లనే వచ్చింది. మీరు కెమెరాను ఆటో మోడ్‌లో ఉంచి ఆ నీడను ఫోటో తీశారనుకోండి. వెలుతురు చాలదని కెమెరా తనంతట తానే ఫ్లాష్ వెలిగిస్తుంది. ఆ వెలుగులో నీడ మాయమవుతుంది. దేనిని నమోదు చేయడానికి వెళ్లారో అదే ఫోటోలో ఉండదు.

దీనికి కారణం తెలుసుకోవాలి. కెమెరాలోని మీటరు, ఎదుటి దృశ్యం సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉంటుందన్న అంచనాతో పనిచేస్తుంది. అందుకే ఫ్లాష్ లేకపోయినా చీకటి గదిని ఉన్నదానికంటే వెలుతురుగా, సున్నపు గోడను మసకగా చూపుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ మనిషి వెనుక ఉన్నదాన్ని మసకబారుస్తుంది. స్పోర్ట్స్ మోడ్ షట్టర్ వేగం పెంచుతుంది. శిథిల శాసనానికి ఏది తగునో ఈ మోడ్‌లకు తెలియదు.

పూర్వం ఈ నిర్ణయాలన్నీ మనిషివే. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వల్ల వచ్చింది. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ గాజు పలకపై వెలుతురు ఎంతసేపు పడాలో తానే నిర్ణయించుకునేవారు. 1938లో వచ్చిన కొడక్ సూపర్ సిక్స్-20 కెమెరాతో ఎక్స్‌పోజర్ నిర్ణయం యంత్రానికి మారడం మొదలైంది. ఫోటో తీయడం క్రమంగా అందరికీ సులువైంది. కాని నిర్ణయం ఎవరిదో ఫోటో చూసేవారికి తెలియకుండా పోయింది.

అరిగిన శాసనాన్ని ఎదురుగా ఫ్లాష్‌తో తీస్తే అక్షరాలు రాతిలో కలిసిపోతాయి. ఫ్లాష్ ఆపి, పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడేటట్లు చూడండి. అక్షరాల గాడులలో నీడ నిలిచి అవి చదవడానికి వీలవుతాయి. కెమెరాను ట్రైపాడ్‌పై నిలిపి, మాన్యువల్‌లో ఐఎస్ఓ తగ్గించి, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచండి.

అయితే ఆటో మోడ్ ఎప్పుడూ తప్పని భావించరాదు. కురుమూర్తి జాతరలో ఉద్దాల ఊరేగింపు మీ ముందు నుంచి సాగిపోతున్నప్పుడు ఆ క్షణం దక్కడమే ముఖ్యం. అక్కడ ఆటో మేలు.

శాసనపాఠాన్ని పరిశీలించినట్లే ఛాయాచిత్రాన్నీ పరిశీలించాలి. షట్టర్ వేగం, ఎపర్చర్, ఫ్లాష్ వివరాలు సాధారణంగా డిజిటల్ ఫైలులోనే నమోదై ఉంటాయి. వాటితోపాటు తీసిన చోటు, వేళ, వెలుగు వచ్చిన దిక్కు మీ పుస్తకంలో రాసుకోండి. శిల్పం రేపు చెదిరిపోతే మీ ఫోటోయే మిగిలిన ఆధారం కావచ్చు.

అభ్యాసం: మీ ఊరిలోని ఒక శాసనాన్ని లేదా వీరగల్లును రెండు పద్ధతులలోనూ ఫోటో తీసి, వాటిలో కనిపించే తేడాలను రాయండి.