ఒంగోలులో తెరిచిన రెండు బైబిళ్లు



కలవరం పుట్టినప్పుడు మనం కళ్లు మూసుకొని బైబిలు తెరుస్తాం. వాగ్దానం కనబడితే దేవుడు మాట్లాడాడు అంటాం. గద్దింపు కనబడితే ఇంకో పేజీ తిప్పుతాం. మన ఒంగోలులో ఒకప్పుడు ఇలాగే తెరిచిన రెండు బైబిళ్ల సంగతి ఈ వారం ధ్యానిద్దాం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్, ఆయన భార్య హారియట్ 1866లో ఒంగోలు వచ్చారు. వారి బడికి బ్రాహ్మణుల పిల్లలు, ఇతర పెద్ద కులాల పిల్లలు వచ్చారు. పట్టణమంతా సువార్తకు తెరుచుకుంటుందన్న ఆశ కలిగింది. ఇంతలో మాదిగవాడైన ఎర్రగుంట్ల పేరయ్య సాక్ష్యం విని, పడమటి పల్లెలలోని ఆయనవారు ప్రభువును నమ్మసాగారు. అది పెద్దలకు నచ్చలేదు. వీరిని చేర్చుకుంటే మేము రాము అన్నారు.

ఏం చేయాలో క్లఫ్‌కు తోచలేదు. ప్రార్థనా భారంతో లేఖనం తెరిస్తే, మొదటి కొరింథీయులకు 1వ అధ్యాయం 26వ వచనం నుండి ఉన్న భాగం ఎదురైంది. లోకం నీచంగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే మాటలవి. భార్య దగ్గరకు వెళ్తే, ఆమె కూడా విడిగా తన గదిలో అదే భాగం చదివింది! ఇద్దరూ ఆ మాటకు లోబడ్డారు.

వెంటనే సమాధానం వచ్చిందా? లేదు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. చూపించిన దారిలో నడిచినందుకు మొదట దొరికింది నష్టమే.

కాబట్టి చీటీ తీసినట్టు బైబిలు తెరవమని మేము చెప్పడం లేదు. ఆ మాట వారికి అనుకూలమైనది కాదు. అయినా అది క్రీస్తు మనసుకు సరిపోయింది, ఇద్దరి నోట స్థిరపడింది. దేవుని నడిపింపును ఇలా పరీక్షించుకోవాలి. మనం కోరుకున్నదే ప్రతిసారీ వినబడుతుంటే, అది మన స్వరమేమో!

1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ వచ్చినవారిలో అనేకులు, పెద్దలు వద్దన్న ఆ జనమే.

సంఘమా, ప్రభువు బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలి, బిడ్డకు ఏ సంబంధం చూడాలి అన్న దిగులులో మనం కూడా ఆయన చిత్తం అడుగుతున్నాం. ఆయన జవాబు చెప్పినప్పుడు పేజీ తిప్పకుండా ఉండే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.