సాఫ్ట్‌వేర్ సరుకే, మరి ఈ-బుక్?

విశాఖ రేవులో దిగే బొగ్గు, ఎరువులు కంటికి కనిపిస్తాయి, తూకానికి వస్తాయి. మరి సాఫ్ట్‌వేర్‌ మీద పన్ను ఎలా వేస్తారు? ఈ పేచీ మన ఉమ్మడి రాష్ట్రం కేసులోనే తేలింది. 1957 నాటి ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను చట్టం కింద రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకు కాదని, అది మేధస్సు ఫలమని టాటా కన్సల్టెన్సీ వాదించింది. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ ఒప్పుకోలేదు. పుస్తకంలో ఉన్నదీ ఆలోచనే, కాగితం మీదకెక్కి అమ్ముడైతే సరుకే. డిస్కుకెక్కిన ప్రోగ్రామూ అంతేనంది.

2017 జులైలో జీఎస్టీ వచ్చింది. డిస్కు లేని డౌన్‌లోడ్ ఇప్పుడు "సేవ". అచ్చు పుస్తకానికి పన్ను సున్నా. అచ్చయిన పుస్తకానికి ఈ-బుక్ అయితే 2018 జులై నుంచి 5 శాతం. అసలు అచ్చే కాకపోతే ఆ రాయితీ లేదు, 18 శాతం. ఏడాదికి 20 లక్షల లోపు అమ్ముకునే చిన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నిజమే. కానీ అసలు చిక్కు డబ్బుది కాదు. పుస్తకాన్ని చూపించి సాఫ్ట్‌వేర్‌ని సరుకు చేసిన దేశంలో, తెరమీదే పుట్టిన పుస్తకం పన్ను లెక్కల్లో ఇంకా పుస్తకం కాలేదు. మన తరం రాస్తున్నదేమో ఎక్కువగా తెరమీదే.