కులపంచాయతియు నేఁటి న్యాయమును



సంఘచరిత్రలు వ్రాయువారు సత్రములను, విద్యార్థి వసతిగృహములను బేర్కొని కులపంచాయతిని దాఁటిపోవుచుందురు. ఆ సంకోచమునకుఁ గారణము లేకపోలేదు.

పూర్వము తెనుఁగునాట చిల్లర దొంగతనములు, కొట్లాటలు రచ్చబండయొద్దనే తీఱుచుండెను. పెద్దలు పోయిన సొమ్ము సొంతదారునకు మరల నిప్పించి, తప్పు కట్టించి, పిదప కులభోజనమున నేరస్థుని బంతిలోఁ గూర్చుండఁబెట్టుచుండిరి. 1909లో ఏడు సంపుటములుగా వెలువడిన థర్‌స్టను గారి గ్రంథమున దక్షిణదేశపుఁ గులముల పంచాయతులనుగూర్చి చాల సంగతులు గలవు. చెన్నపట్టణపు దొరతనమువారు సైతము 1816లో స్వల్పవ్యాజ్యములు తీర్చు నధికారమును గ్రామ మునసబులకును, గ్రామపంచాయతులకును నిచ్చిరి.

బంతిలో మరలఁ గూర్చుండఁబెట్టుటయే యా పద్ధతికిఁ బ్రాణమని మా యభిప్రాయము. కాని యా పెద్దలే కులము మీఱి పెండ్లాడినవారిని వెలివేసిరి. ఆఁడువారి మాట వినకయే తీర్పు చెప్పిరి. పేదవాని నెత్తిన దండుగ మోపిరి. ఉత్తరాది ఖాపు పంచాయతులును, అరవదేశపుఁ గట్ట పంచాయతులును జట్టవిరుద్ధములని 2011లో సుప్రీముకోర్టు ఆర్ముగం సేర్వై కేసున నిష్కర్షగాఁ జెప్పెను. చెప్పవలసిన మాటయే.

ఇప్పుడు చట్టమే యా మంచిపాలును గొంత గ్రహించినది. పాత పీనలుకోడున దొంగతనమునకు, సొత్తు ఎంత స్వల్పమైనను, మూఁడేండ్ల వఱకు ఖైదు విధింపవచ్చును. 2024 జూలై 1 నుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహిత ప్రకారము, అయిదువేల రూపాయలకు లోఁబడిన సొత్తును దొంగిలించి మొదటిసారి శిక్షకు వచ్చినవాఁడు ఆ సొత్తునుగాని దాని వెలనుగాని తిరిగి యిచ్చినచో, వానికి సమాజసేవయే శిక్ష. త్రాగి బహిరంగస్థలమున నల్లరి చేయువానికిని సమాజసేవ విధింపవచ్చును. బాలుర విషయమున 2015 నాఁటి బాలన్యాయ చట్టము హితబోధను, సమాజసేవను మునుపే యంగీకరించినది.

ఈ సంగతి మనకేల యందురా? 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెఱచిన పిదప, మన పల్లెల పిల్లలు కంప్యూటరు పనికి, కావలి పనికి, భోజనపుఁ బొట్లములు చేరవేయు పనికి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు చేరిరి. అక్కడ రచ్చబండ లేదు. గదిలోని స్నేహితులే దిక్కు. ఒక్క రాత్రి తెలివిమాలినపని పోలీసు దస్త్రమున కెక్కినచో, కంపెనీవారు పూర్వవృత్తాంతము విచారించునప్పుడు బ్రదుకుతెరువే పోవచ్చును.

మన సంఘము తీర్పరి కాఁగూడదు. తీర్పు కోర్టుదే. సొమ్ము పోయినవాఁ డే కులమువాఁడైనను, మొదట వాని మాట విని సొత్తు చేర్పించుట, అర్హులకు న్యాయసేవాధికార సంస్థవారి యుచిత న్యాయవాదిని జూపుట, కోర్టు విధించిన సేవ ముగియువఱకు కుఱ్ఱవానికిఁ దోడుండుట మనవలన నగు పనులు. వసతిగృహపు నిధితోపాటు దీనికిని న్యాయవాదులైన సభ్యులు కొందఱిని, స్త్రీలనుగూడఁ జేర్చి, ఈ మహాసభయందే నియమింపఁ గోరుచున్నాము.