పరీక్ష ముందు మన ఇంట్లోనే

విజయవాడలో బెంజి సర్కిల్ తెలియనివారుండరు. దానికి దగ్గర్లో, పటమటలో, నాస్తిక కేంద్రం ఉందని తెలిసినవాళ్ళూ ఎక్కువే. దేవుడు లేడనేవాళ్ళ చోటుగా ఊరు దాన్ని గుర్తుపెట్టుకుంది. ఆ గుర్తింపులో అబద్ధం లేదు గానీ అది సగం మాటే. దేవుడు లేడని చెప్పడానికి ఒక అరుగూ ఒక మైకూ చాలు, దానికో సంస్థ అక్కర్లేదు. 1940లో ఒక పల్లెటూళ్ళో మొదలైన ఈ కేంద్రం ఎనభై ఏళ్ళు దాటినా నిలబడిందంటే కారణం వేరే ఉంది. పదిమందికి చెప్పే మాటను ముందు తమ ఇంట్లో చేసి చూడాలన్నది దాన్ని స్థాపించిన దంపతుల పంతం. ఉత్సవ సంచికల్లో పొగడ్తలకు ఎలాగూ కొదవ ఉండదు. అందుకని ఆ పంతం ఎక్కడ నెగ్గిందో, ఎక్కడ చాలలేదో ఇక్కడ చూద్దాం. ప్రశ్నించమని ఊరికి చెప్పిన సంస్థకు అదే సరైన మర్యాద.

వృక్షశాస్త్రం మాస్టారు

గోరాగా మనకు తెలిసిన గోపరాజు రామచంద్రరావు 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో, ఆచారం గట్టిగా పాటించే బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివారు. 1922లో పెళ్ళయ్యేనాటికి భార్య సరస్వతి వయసు పదేళ్ళు. తర్వాత మదురై, కోయంబత్తూరు, కొలంబో, కాకినాడ, మచిలీపట్నం... ఉద్యోగం ఎక్కడుంటే అక్కడ కాపురం. మదురైలో క్రైస్తవం పుచ్చుకుంటే అమెరికాలో పైచదువు చెప్పిస్తామన్నారు. చదువు కోసం మతం మారడం కుదరదన్నారాయన.

ఉద్యోగపు తొలిరోజుల్లోనే దయ్యాల కొంపగా పేరుపడి ఎవరూ దిగని ఇంట్లో దిగారు. దయ్యాలు ఉన్నాయా లేవా అని వీధిలో వాదించే బదులు ఆ ఇంట్లో పడుకుని చూశారు. కొలంబోలో ఉండగా సరస్వతి కడుపుతో ఉన్నారు. గ్రహణం పట్టింది. కడుపుతో ఉన్నావిడ గ్రహణం చూస్తే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందనీ, ఆ పూట కత్తిపీట ముట్టుకోకూడదనీ, చీకటిగదిలో కదలకుండా పడుకోవాలనీ ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఆమె బయటికొచ్చి గ్రహణం చూశారు. బిడ్డ చక్కగా పుట్టింది. ఒక్క కాన్పుతో శాస్త్రం తేలదు, నిజమే. కానీ ‘చూస్తే తప్పదు’ అన్న మాట తప్పని తేలడానికి ఒక్క తల్లి చాలు.

ఇలాంటి పరీక్షలకు మూల్యం కూడా ఇంట్లోవాళ్ళే చెల్లించారు. 1928లో గోరా జంధ్యం తీసేశారు. తండ్రి ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నారు. నాస్తికత్వం ప్రచారం చేస్తున్నారని 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ఉద్యోగంలోంచి తీసేసింది. మచిలీపట్నం హిందూ కళాశాలలో 1939లో మళ్ళీ అదే గొడవ. ఇక పాఠాలకు స్వస్తి చెప్పి, నెలజీతం వదులుకుని, పిల్లలతో సహా పల్లె దారి పట్టారు.

ముదునూరు గుడిసె

కృష్ణా జిల్లా ఉయ్యూరు దగ్గరి ముదునూరు గ్రామస్థులు రమ్మని పిలిచారు. గాంధేయవాది అన్నే అంజయ్య ఆ పిలుపు వెనకున్న మనిషి. 1940 ఆగస్టు 10న అక్కడే నాస్తిక కేంద్రం మొదలైంది. ‘కేంద్రం’ అంటే పెద్ద భవనం ఊహించుకోవద్దు. ఉన్నది గుడిసె. పని మాత్రం చాలా ఉంది: పెద్దవాళ్ళకు రాత్రి బడి, అంటరానితనం మీద పోరాటం, ప్రతి పౌర్ణమికీ సహపంక్తి భోజనాలు. దేవుడి మీద ఉపన్యాసం విని తలూపడం ఎవరికైనా సులువే. మాలపల్లి మనిషి పక్కన విస్తరి వేసుకుని కూర్చుని అన్నం కలుపుకోవడం ఆ రోజుల్లో సులువు కాదు. ఎవరి నమ్మకం ఎంతో, ఎవరి సంస్కారం ఎంతో ఆ బంతిలో తేలిపోయేది.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో ఇంటిల్లిపాదీ దిగారు. సరస్వతి చిన్నబిడ్డను చంకనేసుకుని రాయవేలూరు జైలుకెళ్ళారు. ఆ ఇంట్లో పిల్లల పేర్లు చూసినా కాలం కనబడుతుంది. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం. రెండో ప్రపంచయుద్ధం నాటి కొడుకు సమరం. తొమ్మిదో సంతానానికి హిందీలో తొమ్మిదే పేరు, నౌ. దేవుళ్ళ పేర్లూ తాతల పేర్లూ లేకుండా తొమ్మిదిమందిని పెంచారు.

సేవాగ్రామ్‌లో మాటామంతీ

గాంధీజీతో గోరా వాదం ఈ సంస్థ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం. 1930లోనే గోరా ఆయనకు ఉత్తరం రాసి, దేవుడంటే మీ ఉద్దేశమేమిటని అడిగారు. దేవుడు మనిషి బుద్ధికి అందనివాడని జవాబొచ్చింది. 1941లో ముదునూరు పనిని వివరిస్తూ, కలుస్తానంటూ మళ్ళీ రాశారు. నాస్తికత్వమంటే తనను తాను కాదనుకోవడమేనని, దాన్ని ప్రచారం చేసి నెగ్గినవారు లేరని, మాట్లాడే తీరిక లేదని గాంధీజీ తిప్పి రాశారు. గోరా నొచ్చుకోలేదు, పని మానలేదు. 1944 చివర్లో సేవాగ్రామ్ నుంచి పిలుపు వచ్చింది.

అక్కడ జరిగిన సంభాషణలను గోరా తర్వాత ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే 1951లో దాన్ని అచ్చువేసింది. నాస్తికత్వం ఎందుకని బాపూ అడిగితే గోరా తత్వశాస్త్రం విప్పలేదు, బెంగాల్ కరువు గురించి చెప్పారు. కలకత్తా వీధుల్లో మిఠాయి కొట్ల ముందే జనం ఆకలితో చచ్చిపోయారు. అద్దాల వెనక తిండి కనబడుతూనే ఉంది. అయినా కొట్టువాడూ, చచ్చేవాడూ ఇద్దరూ అంతా రాత అనుకున్నారు. ఆ రాత మీద నమ్మకం పోతేనే మనిషి తన కాళ్ళ మీద నిలబడతాడన్నది గోరా వాదం. గాంధీజీ ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. తన ఆస్తికత్వమే ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ చెప్పలేనన్నారు. ఇద్దరూ సత్యాన్వేషకులమేనన్నది ఆయన వైఖరి.

ఆ స్నేహానికి అసలు పరీక్ష ఒక పెళ్ళి. గోరా తమ పెద్దమ్మాయి మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చేయాలనుకున్నారు. ఆ పెళ్ళి తన చేతుల మీదుగా చేస్తానన్నారు గాంధీజీ. ప్రమాణంలో దేవుడి పేరు పలకడానికి నాస్తికుల ఇంట ఒప్పుకోరు కాబట్టి, దేవుడి సాక్షి బదులు సత్యం సాక్షి అని మార్చడానికి అంగీకరించారు. అర్జునరావును సేవాగ్రామ్‌కు పిలిపించుకుని అక్కడ ఉంచుకున్నారు. ఇంతలో 1948 జనవరి 30 వచ్చింది. ఆయన మాట ఆగలేదు. మార్చి 13న సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్ళి జరిగింది. పన్నెండేళ్ళ తర్వాత, 1960లో, లవణం మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్ళాడారు. కులం పోవాలని ఉపన్యసించిన సంఘసంస్కర్తలు మన దగ్గర చాలామంది ఉన్నారు. పిల్లల పెళ్ళిళ్ళలో ఆ మాట నిలబెట్టుకున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పటమటకు వచ్చాక

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, 1947లో, కేంద్రం విజయవాడకు మారింది. 1949లో ‘సంఘం’ వారపత్రిక, 1969లో ఇంగ్లీషు మాసపత్రిక ‘ది ఎథీస్ట్’ వచ్చాయి. 1969లోనే వాసవ్య మహిళా మండలి ఏర్పడింది. దాన్ని నడిపించిన చెన్నుపాటి విద్య గోరా కూతురే. ఆమె విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్ళారు. 1972 ఆగస్టు 15న గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి వడ్డించిన స్నేహవిందు ఊళ్ళో పెద్ద దుమారం రేపింది. హిందువునూ ముస్లిమునూ ఒకే బంతిలో పరీక్షకు నిలబెట్టడమే దాని ఉద్దేశం. అదే ఏడాది డిసెంబరులో మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ విజయవాడలో జరిగింది. 1975 జూలై 26న ఒక సభలో మాట్లాడుతూనే గోరా కన్నుమూశారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు సరస్వతి కేంద్రానికి పెద్దదిక్కుగా ఉన్నారు. 1986లో అంతర్జాతీయ హ్యూమనిస్ట్ అవార్డు కేంద్రానికి దక్కింది. 2006లో సరస్వతి కన్నుమూశారు.

లవణం, హేమలత మాత్రం దేవుడి చర్చను పక్కనపెట్టి స్టూవర్టుపురం వెళ్ళారు. నేరస్థ జాతిగా తెల్లవాళ్ళు ముద్రవేసిన కుటుంబాల మధ్య కూర్చున్నారు. తర్వాత నిజామాబాదు జిల్లా వర్ని ప్రాంతంలో జోగినులను ఆ దురాచారం నుంచి బయటికి తేవడానికి పనిచేశారు. దేవుడికిచ్చి పెళ్ళి చేశామని ఊరంతా ఆడపిల్లను వాడుకునే ఆచారాన్ని రుజువులడిగి ఆపలేం. బడీ, బతుకుతెరువూ, చట్టమూ చూపించాలి. ఆ చట్టం 1988లో వచ్చింది.

నిప్పుల గుండం

కేంద్రం పేరు పల్లెల్లోకి పాకింది మాత్రం గుండం తొక్కడంతోనే. మన జాతరల్లో గుండం తొక్కేవాళ్ళు ముందు ఉపవాసముంటారు, తడిబట్టలతో వస్తారు, పూనకంతో దిగుతారు. భక్తి ఉంది కాబట్టి కాలలేదంటారు. ఇది పరీక్షకు నిలిచే మాటే. భక్తి వల్ల కాలనిదైతే భక్తి లేనివాడికి కాలాలి. కాబట్టి భక్తి లేనివాణ్ణి నడిపించి చూడాలి. కేంద్రం చేసింది అదే. కట్టెలు పేర్చి, కాల్చి, మంట తగ్గి బొగ్గులు ఎర్రగా మిగిలాక చదునుగా పరుస్తారు. మొక్కు లేదు, ఉపవాసం లేదు. డాక్టర్లు, ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు గబగబా నాలుగడుగులు వేసి అవతలికి వచ్చేస్తారు.

కారణం బొగ్గులోనే ఉంది. కట్టెబొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది. దాని మీది బూడిద ఆ వేడిని ఇంకా అడ్డుకుంటుంది. అరికాలు బొగ్గును తాకేది అర సెకను. చర్మం కాలేంత వేడి లోపలికి దిగేలోపే కాలు లేస్తుంది. అక్కడే నిలబడితే భక్తుడికైనా బొబ్బలు తప్పవు. అదే గుండంలో ఇనుప రేకు పెట్టి దాని మీద నడవమంటే భక్తుడూ నడవడు, నాస్తికుడూ నడవడు.

నిమ్మకాయలో నెత్తురు కూడా ఇలాంటిదే. మందారపువ్వు రసం రాసి ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి రసం ఎర్రగా కారుతుంది. పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి దిష్టి తీసే ప్రతి ఇల్లాలికీ ఈ రంగుల సంగతి తెలుసు. మంత్రగాడి చేతిలో చూసినప్పుడే మర్చిపోతుంది.

ఇవి వినోదంగా కనబడతాయి గానీ వెనక ఉన్నది ప్రాణాల సంగతి. 1980ల్లో మెదక్ జిల్లా పల్లెల్ని బాణామతి భయం పట్టుకున్నప్పుడు డాక్టర్లతో సహా కేంద్రం బృందం ఆ ఊళ్ళు తిరిగింది. చేతబడి చేశాడన్న అనుమానం వస్తే ఆ మనిషి పళ్ళు ఊడగొట్టేవాళ్ళు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదన్నది లెక్క. కడుపునొప్పికీ మూర్ఛకూ మందిచ్చి నయం చేసి చూపిస్తే తప్ప అక్కడ ఏ వాదమూ పనిచేయదు.

చాలని చోట్లు

ఇక చాలని చోట్లు. దేవుణ్ణీ కర్మనూ వదిలేస్తే కులం, పేదరికం వాటంతటవే సడలుతాయని గోరా గట్టిగా నమ్మారు. ఆ అంచనాకు మన అనుభవం సాక్ష్యం పలకడం లేదు. పురోహితుణ్ణి పిలవని ఇళ్ళలోనూ కులం చూసి సంబంధాలు కలుపుకుంటున్నారు. గోరా ఇంట్లో నెగ్గిన పరీక్షలో ఆయన్ను మెచ్చుకున్నవాళ్ళు చాలామంది తప్పారు.

రెండోది, సంస్థ చాలాకాలం ఒకే కుటుంబం భుజాల మీద నడిచింది. ఆ కుటుంబం చేసిన త్యాగానికి వంక పెట్టలేం. కానీ ఆ ఇంటి పట్టుదల బయటివాళ్ళ చేతుల్లోకి ఎంత చేరిందన్న ప్రశ్న వేసుకోక తప్పదు.

మూడోది, గుండం తొక్కి చూపిస్తే పల్లెలో బాబా పరపతి తగ్గుతుంది. అపార్ట్‌మెంటులో ఇంజనీరు వాస్తు కోసం గోడ పడగొట్టించుకుంటే ఏ గుండం తొక్కాలి? ముహూర్తం చూసి సిజేరియన్‌కు తేదీ పెట్టించుకునే చదువుకున్న ఇంటికి నిమ్మకాయ కోసి చూపిస్తే లాభం లేదు. ఆ నమ్మకాలకు తగ్గ పరీక్షలు ఇంకా కట్టుకోవాల్సే ఉంది. చెప్పిన జోస్యాలు రాసిపెట్టుకుని ఏడాది తర్వాత సరిచూడటం అందులో మొదటిది. దానికి పెన్నూ కాగితమూ చాలు.

శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నాయి. నాస్తిక కేంద్రం పుట్టిన నేల మీద, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం లేదు. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మాత్రం వస్తూనే ఉన్నాయి. కేంద్రం ఉత్సవాలకు వచ్చే ప్రజాప్రతినిధులకు దండలు వేయడంతో సరిపెట్టకుండా ఆ చట్టం ఎప్పుడు తెస్తారని అడగాలి. చట్టం కోసం ఆగక్కర్లేని పని ఒకటి మన దగ్గరే ఉంది. ఈసారి ఇంట్లో ఎవరైనా ‘అలా చేస్తే ఇలా జరుగుతుందట’ అంటే వెక్కిరించవద్దు, తలూపవద్దు. ఎవరికి జరిగింది, ఎవరు చూశారు, అలా చేయనివాళ్ళకు ఏం జరిగింది అని అడగండి. ఈ వ్యాసంలో రాసినవాటిని కూడా అలాగే అడగండి.